సార్ పేరుతో వచ్చిన సలహాలు

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పేపరు జిల్లా ఎడిషన్‌లో ప్రతి ఆదివారం మా వకీలు సార్ ఫొటోతో వచ్చిన న్యాయ సలహాలు రాసింది నేనే. మా అమ్మ వాటిని చదివించుకుని, "మీ సార్ మనసున్న మనిషే" అనేది. నేను తల వంచుకుని అన్నం తినేదాన్ని.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య, చెప్పుల దుకాణం పైన మా ఆఫీసు. వకీళ్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. పేరు నలుగురికీ తెలియాలంటే సార్‌కు ఆ శీర్షిక ఒక్కటే దారి. అందులో కూడా చిరునామా, ఫోన్ నంబరు వేసేవారు కాదు. టైపింగ్‌కని చేరిన నాకు సార్ చట్టం చెప్పేవారు, మిగతాది నాకు వదిలేసేవారు.

"కాస్త మెత్తగా రాయమ్మా. చదివినవాళ్లకి మన దగ్గరికి రావాలనిపించాలి."

మనుషుల ముందు నోరు పెగలని నేను కాగితం మీద ధారాళంగా మాట్లాడేదాన్ని.

తెలంగాణ కోసం వకీళ్లు కోర్టులను బహిష్కరించి, ఎల్‌బీ నగర్‌లో కోర్టు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్న రోజులవి. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన సార్ ఆ టెంటులోకి వెళ్లలేక, వెళ్లకుండా ఉండలేక చిరాగ్గా ఉండేవారు. అలాంటి ఒక ఉదయం, బడంగ్‌పేట్‌లో ఉండే ఒకామె మెట్లెక్కి వచ్చింది. మలక్‌పేట నుంచి కనిపించిన వకీలు బోర్డులన్నీ చదివించుకుంటూ మమ్మల్ని వెతుక్కుందట.

"ఆడపిల్లకు గూడ వాటా ఉంటదని పేపర్ల రాసిండ్రు గద సారూ. మా అన్నలేమో వాటా ఒద్దని సంతకం పెట్టుమంటున్నరు. ఎల్లుండి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రమ్మన్నరు."

"పెట్టకండి. మీకు వాటా ఉంది. కోర్టులు తెరిచాక దావా వేద్దాం."

"పెట్టనంటె ఎట్ల సారూ, వాళ్లు..."

"చెప్పాను కదమ్మా, పెట్టకండి. అంతే."

అప్పుడే ఫోన్ మోగింది. టెంటుకు ఎప్పుడొస్తున్నారని ఎవరో తోటి వకీలు. సార్ కుర్చీ అటు తిప్పుకుని మాట్లాడసాగారు. ఆమె కాసేపు చూసి లేచింది.

నేను వెనకాలే మెట్లు దిగాను.

"మీ సారు పేపర్ల ఒక తీరు, ఎదురుంగ ఒక తీరు ఉన్నడే బిడ్డా," అని నవ్వింది. "పేపర్లయితే పక్కన కూసుండవెట్టుకొని చెప్పినట్టే ఉండె."

అలా పక్కన కూర్చోబెట్టుకున్నట్టు రాసింది నేనేనని చెప్పి ఉండవలసింది. కింద టీ కొట్టు దగ్గర కాసేపు కూర్చోబెట్టి, ఆమె సగంలో ఆపిన మాట ఏమిటో అడిగి ఉండవలసింది. "బస్సు అటు దిక్కు ఆగుతదమ్మా" అని మాత్రం అన్నాను.

కోర్టులు తెరిచారు. ఆమె రాలేదు. సంతకం పెట్టిందో లేదో తెలియదు. శీర్షిక కొనసాగింది కానీ, నేను రాసే జవాబులు పొడిపొడిగా వచ్చేవి. సార్ ఆ తేడా గమనించలేదు.

ఆ రోజు రోడ్డు దాటబోతూ, నేను అడగకుండానే, ఆమె నా భుజం తట్టి అన్నది ఇది: "వాటా ఉంటదని రాసిండు, సంతకం పెట్టొద్దన్నడు, మంచిగనే ఉన్నది. పెట్టకుంటె అన్నలు మళ్ల నాతోని మాట్లాడరు. అప్పుడు ఎట్ల బతకాల్నో గది గూడ రాయుమను బిడ్డా."