పంచేవాడు బెదరడు

ఈ శుక్రవారం మధ్యాహ్నం కువైట్‌లో, రిగ్గైలోని మా గది ఊడుస్తుంటే మంచం కింద ఒక డబ్బా గలగలమంది. ఖర్జూరం గింజలు. గదిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని చెత్తలో వేయబోయారు. "వాటిని ముట్టుకున్నారంటే ఊరుకోను" అన్నాను. నాకు ముక్కు మీదే కోపం. అవి వెంకన్న బాబాయ్ గారి గింజలని పాపం వాళ్ళకెలా తెలుస్తుంది?

ఆయన నాకు చుట్టం కాదు. ఇద్దరిదీ కోనసీమ, అంతే. కువైట్ రాకముందు గోవాలో క్యాసినో పడవ మీద పేకముక్కలు పంచేవారు. అక్కడి మూడు ముక్కల పోకర్‌ను సెలవు రోజుల్లో నాకు నేర్పారు. డబ్బు ఊసే ఎత్తకూడదు. ముందు ఒక గింజ పెట్టి ముక్కలు చూసుకోవాలి. బాగుంటే ఇంకో గింజ పెట్టాలి, లేదంటే దించేయాలి. గింజలన్నీ పోగొట్టుకున్నవాడు వారమంతా అంట్లు తోమాలి. నెల రోజులు నేనే తోమాను. ఊళ్ళో మూడు ముక్కలాటకు అలవాటుపడ్డ చేయి కదా, ముక్కలు చూడకుండానే ధీమాగా రెండో గింజ పెట్టేసి ఆయన్ని బెదరగొట్టబోయేవాణ్ణి.

"ఒరే అబ్బాయ్, ఇక్కడ నీ ఎదురుగా ఉన్నది పంచేవోడు. ఆడు బెదరడు. ఆడి పని ముక్కలు తిప్పడవే. నీ చేతిలో ఏవుందో చూసుకో. రాణి కూడా లేదా, దించేసి కూకో."

"దించేస్తే నామోషీ కదండి బాబాయ్ గారూ?"

"అంట్లు తోవడం కన్నానా?"

ఆ రోజుల్లోనే నా భార్యకు నెలలు నిండుతున్నాయి. సులైబియాలో నేను పనిచేసే గోదాము యజమాని, మా కఫీల్, సెలవు ఇవ్వనన్నాడు. సెలవిస్తావా, పారిపోనా అని మొహం మీదే అడిగేస్తానని గదికొచ్చి ఎగిరాను. "పంచండి బాబాయ్ గారూ. నేను గెలిస్తే రేపే అడిగేస్తాను, ఓడితే నోరు మూసుకుంటాను" అన్నాను.

పంచారు. నాకు రాజుల జత పడింది. "తిప్పండి" అన్నాను. ఆయన తిప్పలేదు. తన మూడు ముక్కలూ బోర్లా ఉన్నవి ఉన్నట్టే కట్టలో కలిపేశారు.

"కఫీలు కూడా పంచేవోడేరా, బెదరడు. నేనూ ఇలాగే కోపంలో నా కఫీలు దగ్గర్నుంచి బయటికొచ్చేశాను. ఇఖామా ఖలాస్, ఇక్కడ ఉండే కాయితవే పోయింది. మా అమ్మ పోయిందని ఫోనొస్తే ఇదే మంచం మీద కూకుని ఏడిశాను. పారిపోతే ఏ కాయితం చూపించి ఇమానం ఎక్కుతావు, నీ బిడ్డని ఎలా చూత్తావు?"

ఆయన కాయితాలు లేని మనిషని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ సాయంత్రమంతా, కఫీల్‌ను మర్యాదగా ఎలా అడగాలో అరబీలో నాచేత వల్లె వేయించారు. మర్నాడు అలాగే అడిగాను. పని ఒత్తిడి తగ్గాక పంపుతానన్నాడు. కానుపుకు అందలేకపోయాను, ఆ బాధ ఇంకా ఉంది. పాపకు మూడో నెల వచ్చాక ఊరెళ్ళి ఎత్తుకున్నాను. తర్వాత బాబాయ్ గారు పోలీసుల తనిఖీలో దొరికిపోయారు, ఊరికి పంపేశారు. డబ్బా మిగిలింది.

ఇప్పటికీ కోపం నోటిదాకా వచ్చినప్పుడు, ముందు నా చేతిలో ఏముందో చూసుకుంటాను. అన్నిసార్లూ కాదు, చాలాసార్లు. ఇవాళ గింజలు చూశాక ఉండబట్టలేక ఆయనకు ఫోన్ చేశాను.

"బాబాయ్ గారూ, ఆ రోజు మీకు పడ్డ ముక్కలేంటండి?"

"నేను చూడలేదురా. చూత్తే, నువ్వు గెలిచుంటే నీకు చెప్పేద్దునేవో" అన్నారు. "పాప బళ్ళోకెల్తందా?"

ఆయ్, వెళ్తోందండి అన్నాను. అన్నేళ్ళు ముక్కలు పంచిన మనిషి, తన ముక్కలు తిప్పి చూసుకోనిది ఆ ఒక్కసారేనట.