ఛత్రం ముందర ముగ్గు

మా ఎదురింటి అక్క పోయింది. సోమవారం పొద్దున ఎప్పటిలాగే పనులన్నీ చేసుకుని, కాఫీ తాగి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. బాగేపల్లిలో మా వీధి సంఘానికి ఆమే పెద్ద. నాకు చదువు తక్కువ. ఎవరినైనా పొగిడే అలవాటు అంతకన్నా తక్కువ. అయినా ఆమెను గురించి రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మా వీధి చివర పాత రాతి సత్రం ఉంది, మేము ఛత్రం అంటాము. ఒకప్పుడు సంతకు వచ్చేవాళ్ళు అందులో వండుకుని తిని పడుకునేవాళ్ళు. తరువాత తలుపులు మూతపడ్డాయి, ముందర చెత్త చేరింది. దాన్ని కూల్చి అంగళ్ళు కట్టాలని కొందరు ఎప్పటినుంచో చూస్తున్నారు. సంఘం పెట్టిన కొత్తలో మేము మగవాళ్ళం అర్జీలని తిరుగుతుంటే అక్క ఒక్కతే చీపురు పట్టుకుని పోయింది. చెత్తంతా తీసి, మర్నాడు అక్కడ ముగ్గు వేసింది.

"ఎవురూ లేని ఇంటికి ముగ్గేందక్కా, దెయ్యాలకా?" అన్నాను.

"దెయ్యాలకే అనుకోప్పా. అవి నీ మాదిరి నోరు చేసుకోవు." తలెత్తకుండా గీతలు లాగుతూనే అంది. "ముగ్గు లేకుంటే పాడుపడిన కొంప అంటారు. పాడుపడిన కొంపను కొట్టేదానికి ఎవురికీ చెయ్యి వణకదు."

ఆ తరువాత ఒక్క పొద్దు తప్పలేదు. వానలో చెరిగిపోతుందని తెలిసీ వేసేది. ఆమెను చూసి ఆడవాళ్ళు అరుగులు కడిగారు, మేము గోడల బీటలకు సున్నం పెట్టించాము. పరగోడు బస్సుకు కాచుకునేవాళ్ళు ఆ నీడన కూర్చోవడం మొదలుపెట్టారు. ముందరంతా సిమెంటు వేయించి బండ్లు నిలుపుదామని సంఘంలో కొందరం అన్నాము. అది తప్పని నేను ఇప్పటికీ అనుకోను. కుర్చీ వద్దని ఎప్పుడూ నేల మీదే కూర్చునే అక్క, అక్కడినుంచే అంది: "బండ్లు మీ ఇండ్లలో మంచాల పక్కన నిలుపుకోండి. ఈడ మనుషులు కూర్చుంటాండారు." సిమెంటు మాట అంతటితో పోయింది.

అక్క పోయిన మర్నాడు ఆడవాళ్ళు ఛత్రం ముందర ఊడ్చి నీళ్ళు చల్లారు గానీ ముగ్గు వేయలేదు. నాకు మండింది.

"చావు జరిగింది ఆమె ఇంట్లో. ఛత్రానికేం మైల? ముగ్గు లేకుండా ఎప్పుడుంటుందా అని ఆ అంగళ్ళు కట్టాలనేవాళ్ళు కాచుకోనుండారు" అన్నాను.

పూలంగడి ఆమె చీపురు పక్కన పెట్టింది. "ఇదీ అక్క ఇల్లే గదప్పా. మాకు చెయ్యి రాలేదు."

నేను భయపడినట్టే ఆ పొద్దే కొలతలు తీసే మనిషి టేపు పట్టుకుని వచ్చాడు. దూరంవాడేం కాదు, పేరేసంద్రవాడే. నేరుగా తలుపు దాకా పోబోయినవాడు, ఊడ్చి నీళ్ళు చల్లిన ఖాళీ నేల చూసి నిలబడిపోయాడు. చెప్పులు విడిచాడు.

"ఈ ఇంట్లో ఎవురు పోయినారప్పా?" అని మెల్లగా అడిగాడు.

"పెద్దామె" అన్నాను.

టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "దినాలు అయినాక వస్తాలే" అని వెళ్ళిపోయాడు.

వస్తాడు. రానీ. అప్పటికి ముగ్గు ఉంటుంది. ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. ఈ పొద్దుకైతే అక్కడ తడి మన్ను తప్ప ఏమీ లేదు. అయినా బస్సు అందుకోవాలని పరుగెత్తేవాళ్ళు కూడా ఆ చోటికి వచ్చేసరికి తొక్కకుండా అంచు వెంబడి తిరిగి పోతున్నారు.