సున్వా తిన్నదేమిటి?

చేప కడుపు కోస్తే సున్వా ముందు చూసేది, అది ఆఖరుగా ఏం తిన్నదా అని. ఫ్యాక్టరీలో మిగతావాళ్ళం పేగులు తీసి పారేసి చేతులు కడుక్కుంటాం. ఆమె మాత్రం లోపల వేలు పెట్టి కెలికి, "రొయ్యను మింగింది, పాపం అరగనే లేదు" అంటుంది. అలాంటి మనిషికి తన ఒళ్ళే అంతుపట్టకుండా పోయింది.

మా ఊరి ఆడవాళ్ళ పడవలో తెడ్లు వేసేది ఆరుగురం. వెనక కూర్చుని, చుక్కాని పట్టి, కేకలేసి మమ్మల్ని నడిపేది సున్వా. జూలై ఆఖరున మా దీవుల రాజధాని తోర్షావన్‌లో పడవ పందెం. చుక్కాని దగ్గర మనిషి ఎంత తేలికైతే మా భుజాలకంత సుఖం. ఆ చోటు కోసమే పుట్టినట్టుండే సున్వా ఒక్క చలికాలంలో పాత స్వెట్టర్లేవీ పట్టనంతగా లావైంది.

మా పడవకు పెద్ద ఎల్స్‌పా, సున్వాకు స్వయానా వదిన. మనసు మంచిదే, నోరే మంచిది కాదు.

"నువ్వెక్కితే పడవ ముక్కు ఆకాశం చూస్తోంది. చాటుగా ఏం మింగుతున్నావే?"

"నువ్వు వండింది కాదులే వదినా. అది మింగుడుపడదు."

నవ్వుకున్నాం గానీ, ఊరంతా ఆమె తిండికి కాపలా కాయడం మొదలుపెట్టింది. ఎవరొచ్చినా కాఫీతో కేకు పెట్టేవాళ్ళం, ఆమె ముందు మాత్రం ఎండుచేప ముక్క పెట్టి ఊరుకున్నాం. బరువు తగ్గలేదు. పైగా రక్తంలో చక్కెర పెరిగిందని డాక్టరమ్మ చెప్పింది.

సున్వాకు దిగులుకన్నా కారణం తెలుసుకోవాలన్న ఆరాటం ఎక్కువైంది. తిండి పెరగలేదు. కొత్తగా వచ్చిందల్లా పడుకునేముందు వేసుకునే మాత్ర ఒక్కటే. అది నిద్రమాత్ర అనుకున్నాం మేము. ఆమె వెళ్ళి డాక్టరమ్మను ప్రశ్నలతో వేపుకుతిని, విన్నదంతా పడవల పాకలో మాకు చెప్పింది.

"ఒంట్లో ఇన్సులిన్ నాలాంటిదేనట. చక్కెరను లోపలికి లాగండర్రా అని కణాలకు కేకేస్తుంది. ఈ మాత్ర కొందరికి ఆ కణాల చెవుల్లో ఉన్ని కుక్కినట్టు చేస్తుందట. అవి వినవు, ఇది ఇంకా అరుస్తుంది. చక్కెరేమో నెత్తుట్లోనే ఉండిపోతుంది. ఒళ్ళు పెరిగిందీ ఈ మాత్రవల్లేనట. ఎందుకలా అవుతుందో పూర్తిగా వాళ్ళకీ తెలీదట. చూశారా ఎంత వింతో."

ఎల్స్‌పాకు వింతలతో పనిలేదు. "అయితే పందెం అయ్యేదాకా ఆ మాత్ర మానెయ్. లేదంటే చుక్కాని ఇంకొకరికివ్వాల్సిందే."

ఆ చోటంటే సున్వాకు ప్రాణం. అయినా అసలు సంగతి చెప్పేసింది.

"నిరుడు పొగమంచులో పడవను కొండకేసి తిప్పాను, గుర్తుందా? దారి కనపళ్ళేదన్నాను. అబద్ధం. బాగానే కనపడింది. తిప్పమని ఎవరో చెవిలో చెప్పారు వదినా. చూస్తే పడవలో మీరు ఆరుగురే ఉన్నారు. ఈ మాత్ర వేసుకున్నాక ఆ గొంతు పోయింది. మెల్లగా వేరే మందుకు మారుద్దామంటోంది డాక్టరమ్మ. అప్పటిదాకా దీన్ని మానను. చుక్కాని ఎవరికిచ్చుకుంటారో ఇచ్చుకోండి."

ఆ రోజు కొండ నా తెడ్డుకు అందేంత దగ్గరికొచ్చింది. ఎల్స్‌పా ముఖం పాలిపోయింది. పడవ అంచు పట్టుకుని అడిగింది.

"రాత్రి మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"అయితే ఎక్కి కూర్చో."