ఈదమ్మ కళ్లు

నా కెమెరా మీద ఒట్టు. పందొమ్మిదేళ్లుగా నాకు అన్నం పెడుతున్నది అదే, దాని మీద ఒట్టేసి అబద్ధం చెప్పను. మీలో ఒకరిద్దరు నవ్వుతారని తెలుసు... నవ్వండి. కోప్పడే ఓపిక నాకు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పేసి పడుకుంటాను... నిద్ర వస్తే.

కట్టంగూర్‌లో నాది చిన్న ఫోటో స్టూడియో. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు... అవి అందరికీ తెలిసినవే. తెలియని పని ఒకటుంది. ఊళ్లలో ఎవరైనా పోతే పదకొండో రోజుకు గోడకు పెట్టుకోవడానికి ఫోటో కావాలి. చాలామందికి బతికుండగా తీసిన మంచి ఫోటో ఒక్కటీ ఉండదు. పోయాక సెల్లులో తీసింది పట్టుకొస్తారు. ముక్కులో పత్తి ఉంటుంది. నోరు తెరుచుకోకుండా గదుమకు గుడ్డ కట్టి ఉంటుంది. అవన్నీ కంప్యూటర్లో తీసేస్తాను. ఆఖరున కళ్లు తెరిపిస్తాను.

ఎలా అంటారా? బతికున్న ఇంకొకరి ఫోటోలోంచి కళ్లు తీసి పెడతాను. వయసు కలవాలి, వెలుగు పడే వైపు కలవాలి, అంతే. పెళ్లి ఫోటోల్లోని పెద్దవాళ్ల కళ్లు కొన్ని విడిగా దాచుకున్నాను కూడా. ఇందులో తప్పుందని ఏనాడూ అనుకోలేదు. ఒకరి కళ్లు ఇంకొకరికి పెడితే ఏమైనా అరిగిపోతాయా అనుకునేవాణ్ణి.

పోయిన ఎండాకాలం... ముహూర్తాల వారం. వరసగా మూడు పెళ్లిళ్లు, మూడు రాత్రులు. కన్ను మూతపడలేదు. నాలుగో రోజు అడవికి పోవాలి. హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం మన్ననూరు దగ్గర సఫారీకి వస్తోంది. జంతువులను, అక్కడి జనాన్ని ఫోటోలు తీయాలని నాతో ముందే మాట్లాడుకున్నారు. పొద్దున్నే బ్యాగు సర్దుకుంటుంటే చిట్యాల నుంచి సరిత అనే అమ్మాయి వచ్చింది. వాళ్లమ్మ పోయి పది రోజులు. తెల్లారితే పదకొండో రోజు. నాలుగు స్టూడియోలు తిరిగిందట, ముహూర్తాల పనిలో ఎవరూ ఒప్పుకోలేదట.

"అన్నా, మా అమ్మ ఎన్నడు ఫోటో దిగలే. ఆధార్ కార్డుల ఉన్నది మా అమ్మ లెక్కనే లేదు. జర కండ్లు తెరిపియ్యవా?" అంది. సెల్లు నా చేతిలో పెట్టి, "నా దిక్కే చూస్తున్నట్టుండాలె అన్నా. ఆఖరికి నేనొచ్చేసరికి కండ్లు మూసింది" అంది.

కాదనలేకపోయాను. ల్యాప్‌టాప్ వెంట తీసుకుపోతానని, రాత్రికి చేసి నల్గొండలో ల్యాబ్‌కు పంపుతానని, పొద్దున్నే ఫ్రేము కట్టి బస్సులో వేస్తారని చెప్పాను. నల్గొండ, దేవరకొండ మీదుగా మన్ననూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారంతా కునికిపాట్లు పడుతూ బస్సు కిటికీకి తల కొట్టుకుంటూనే ఉన్నాను.

సఫారీలో పులి కనిపించలేదు. పులి అడుగులు కనిపించాయి, వాటినే పదిసార్లు తీయమన్నారు. నాలుగు దుప్పులు, ఒక నెమలి వీపు. జీపు నడిపేది లింగయ్య, అక్కడి చెంచుల అబ్బాయే. నిరాశ పడకండని చెప్పి సాయంత్రం తమ పెంటకు తీసుకుపోయాడు. చెంచుల పల్లెను పెంట అంటారు. పది పన్నెండు గుడిసెలు. హైదరాబాద్ వాళ్లు బిస్కెట్ ప్యాకెట్లు పంచి, అందరినీ వరసలో నిలబెట్టి, ఎవరిదో విల్లు తెప్పించి చేతికిచ్చి, "నవ్వండి, నవ్వండి" అన్నారు. నాకు సిగ్గేసింది. అయినా తీశాను. పెళ్లిలోనూ నేను చేసేది అదే కదా.

ఆ వరసలో నిలబడనిది ఒక్క ముసలావిడ. లింగయ్య వాళ్ల అవ్వ, పేరు ఈదమ్మ. గుడిసె ముందు కూర్చుని చాటలో ఇప్పపువ్వు ఏరుతోంది. వేళ్లు చకచకా కదులుతున్నాయి. చిన్న చిన్న పుల్లలు కూడా తీసి పారేస్తోంది. నేను ముందు కూర్చుని కెమెరా ఎత్తగానే తలెత్తి సూటిగా చూసింది. నల్లని కళ్లు. తేటగా ఉన్నాయి. ఒక్కటే ఫోటో తీశాను. మళ్లీ తీయాలనిపించలేదు, అంత బాగా వచ్చింది.

"ఏం జేస్తవ్ బిడ్డా, గీ ఫోటోతోని?" అని అడిగింది.

"దాచిపెట్టుకుంట అవ్వా."

"నన్ను దాచిపెట్టుకునుడేంది!" అని నవ్వింది. తర్వాత నా వంక చూసి, "నీ కండ్లేంది గంత ఎర్రగున్నయి? పండుకోక ఎన్ని దినాలైంది?" అంది.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత డాక్టర్ దగ్గర నేను కొట్లాడింది ఆ మాట మీదే.

రాత్రి అడవి అంచున ఒక గెస్టు గదిలో పడుకోమన్నారు. లింగయ్య పెంటకు వెళ్లిపోయాడు. హైదరాబాద్ వాళ్లు అవతలి గదుల్లో నిద్రపోయారు. నేను ల్యాప్‌టాప్ తెరిచి సరిత వాళ్లమ్మను ముందు పెట్టుకున్నాను. పత్తి తీశాను. గుడ్డ తీశాను. కళ్లు పెట్టబోతే... ఏవీ కుదరలేదు. నేను దాచుకున్నవన్నీ పెట్టి చూశాను. ఒకటి పెడితే కోపంగా ఉంది, ఇంకొకటి పెడితే ఎవరో పరాయి మనిషిలా ఉంది. నా రెప్పలు వాలిపోతున్నాయి. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు... కుర్చీలోనే రెండుసార్లు తూలాను.

అప్పుడు ఈదమ్మ గుర్తొచ్చింది.

ఆమె ఫోటోను కెమెరా కార్డులోంచే నేరుగా తెరిచాను. కళ్ల చుట్టూ గీత గీశాను. తీశాను. పెట్టాను. అంతే... కొంచెం కూడా సవరించాల్సిన అవసరం రాలేదు. సరిత వాళ్లమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. పందొమ్మిదేళ్లలో అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. రెండు ఫోటోలూ సేవ్ చేసి మూసేశాను. సిగ్నల్ మెట్ల మీద ఒక్క మూలలోనే వస్తోంది. అక్కడికి పోయి ల్యాబ్‌కు పంపాను. వెళ్లినట్టు టిక్కు పడే వరకు చీకట్లో నిలబడి వెనక్కి వచ్చాను.

లోపలికొచ్చి, ఊరికే... ఈదమ్మ ఫోటో మళ్లీ తెరిచాను.

కళ్లు లేవు.

కళ్లున్న చోట రెండు తెల్లటి ఖాళీలు.

భయపడలేదు, అప్పటికింకా. ఏం జరిగిందో అర్థమైంది. కంప్యూటర్లో కాపీ అని ఒకటుంటుంది, కట్ అని ఒకటుంటుంది. కాపీ చేస్తే ఉన్నది ఉన్నచోటే ఉంటుంది. కట్ చేస్తే ఉన్నచోట ఖాళీ అవుతుంది. నిద్రమత్తులో కట్ నొక్కాను. దాన్నే సేవ్ చేశాను. "థూ, నీ బతుకు" అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడు... కీచురాళ్లు ఆగిపోయాయి.

ఒక్కసారిగా. ఎవరో చెయ్యెత్తి ఆపినట్టు. ఫ్యాను టకటక... నా ఊపిరి... అంతే. కిటికీ అవతల చీకటి. ఆ చీకట్లోంచి ఒక ముసలి గొంతు. అరవలేదు. ఏడవలేదు. ఇంట్లో పక్క గదిలోంచి అడిగినట్టు, మామూలుగా...

"దీపమెవరార్పిన్రు?"

నేను కదల్లేదు. కలేమో అనుకున్నాను. చేతి మీద గిల్లుకున్నాను.

"దీపమెవరార్పిన్రు... బిడ్డా?"

టార్చి పట్టుకుని మెట్ల మీదికి వచ్చాను. ఎందుకు వచ్చానో నాకే తెలియదు. లోపల కూర్చుంటే ఆ రెండు తెల్ల ఖాళీలతో కూర్చోవాలి కదా. టార్చి వేశాను. ఎదురుగా, ఇరవై అడుగుల్లో, దుప్పుల మంద. ఎప్పుడొచ్చాయో... చప్పుడు లేదు. ఒంటి మీద చుక్కలు కనిపిస్తున్నాయి. చెవులు కనిపిస్తున్నాయి. అన్నీ తలలెత్తి నా వైపే చూస్తున్నాయి. రాత్రి పూట జంతువు మొహం మీద టార్చి పడితే కళ్లు మెరుస్తాయి, మీ అందరికీ తెలుసు.

ఒక్క కన్నూ మెరవలేదు.

ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. తర్వాత అవి మెల్లగా వెనక్కి తిరిగాయి... పోయాయి. కీచురాళ్లు మళ్లీ మొదలయ్యాయి. తెల్లారే వరకు లైటు ఆర్పకుండా మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను.

పొద్దున్నే లింగయ్య వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"అన్నా, ఇయ్యాల జీపు ఇంకొకలు నడుపుతరు. మా అవ్వకు కండ్లు గనవడ్తలేవు. రాత్రి లేచి దీపమెవరార్పిన్రు అని అడిగింది. దీపం మండుతనే ఉండె" అన్నాడు.

"పెంట ఇక్కడికి ఎంత దూరం లింగయ్యా?" అని అడిగాను.

"నడిస్తే అర్ధగంట. ఎందుకన్నా?"

అతనితో పోయాను. ఈదమ్మ గుడిసె ముందే కూర్చుని ఉంది. ముందు చాట ఉంది. వేళ్లు ఇప్పపువ్వును తడుముతున్నాయి, ఏరడం లేదు. తలెత్తింది. రెండు కళ్లలోనూ పాలచుక్క వేసినట్టు తెలుపు. ముందు రోజు అది లేదు. నేను చూశాను... ఫోకస్ చేసింది ఆ కళ్ల మీదే.

"అవ్వా, నేను... నిన్న ఫోటో తీసినోణ్ణి" అన్నాను.

"నువ్వా బిడ్డా! ఫోటో మంచిగొచ్చిందా?" అని అడిగింది.

ఆ మాటకు ఏడుపొచ్చింది. దాచుకోను, అక్కడే కూర్చుని ఏడ్చాను. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి, ఆ కళ్లు తీసి మళ్లీ ఆమె ఫోటోలో పెట్టాను. ఆమె మొహంలోకి చూశాను. ఏమీ కాలేదు. అవుతుందని ఎలా అనుకున్నానో... అంతకుముందు రోజైతే నా మీద నేనే నవ్వుకునేవాణ్ణి. అప్పుడు మాత్రం ఒక్కటే తట్టింది. ప్రింటు ఆపాలి. ఆ ఫ్రేము గోడకెక్కకూడదు.

సిగ్నల్ దగ్గరికి ఉరికాను. ల్యాబ్ వాళ్లు తెల్లవారుజామునే మొదటి బస్సులో వేశామన్నారు. సరితకు కలిపాను. వెనక మంది మాటలు, గిన్నెల చప్పుడు.

"అన్నా, నీ కాళ్లు మొక్కాలె" అంది ఆ పిల్ల. "దండేసినం. అమ్మ నా దిక్కే చూస్తుందన్నా. నేను యాడికి పోతే ఆడికే చూస్తుంది. పది దినాల సంది ఇయ్యాలనే జర అన్నం తిన్న."

ఆ ఫోటో తీసెయ్ అని నోటి దాకా వచ్చింది... అనలేకపోయాను. మంచిదమ్మా అని ఫోన్ పెట్టేశాను.

తర్వాత నాకు చేతనైంది చేశాను. ఈదమ్మను, లింగయ్యను పట్నంలో కంటి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ లైటు వేసి చూసి, రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయంది. ఇలా ముదరడానికి ఏళ్లు పడుతుందట. ఏడాదిగా ఆమెకు చూపు లేనట్టేనట, పెద్దవాళ్లు అలవాటు మీద తిరుగుతుంటే ఇంట్లో వాళ్లకు తెలియదట.

"మరి నా కళ్లు ఎర్రగా ఉన్నాయని చెప్పింది మేడమ్!"

"మీ గొంతు విని చెప్పి ఉంటుంది. నిద్రలేదని ఎవరికైనా తెలుస్తుంది" అంది.

ఫోటో చూపించాను. తేటగా ఉన్న కళ్లు. ఆమె చూసి, "మీరు ఫోటోల్లో ఏమైనా చేస్తారు కదండీ" అంది. ల్యాప్‌టాప్ మూసేశాను.

ఆపరేషన్‌కు నెల పట్టింది. ఆ నెలంతా ఈదమ్మ చీకట్లోనే ఉంది. పోయినవాళ్ల మూసిన కళ్లను నేను మళ్లీ ముట్టలేదు, ఆ పని మీద వచ్చిన వాళ్లను పంపేశాను. ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పే రోజు నేనూ పోయాను. ఆమె రెప్పలు ఆడించింది. లింగయ్యను చూసింది, చెయ్యి పట్టుకుంది. కనబడుతోంది. నా గుండె మీంచి బండ దింపినట్టయింది.

తర్వాత నన్ను దగ్గరికి పిలిచింది.

"అందరు చీకటి చీకటి అన్నరు గని, నాకు చీకటి లేకుండె బిడ్డా. ఒక ఇల్లు గనవడుతుండె. పచ్చ రంగేసిన గోడ. ఒక పిల్ల దినాం నా ముందల గూసొని ఏడుస్తుండె. నన్నే చూసుకుంట తింటుండె. కట్టిప్పిన సంది గనవడ్తలేదు..." అని ఆగింది. "ఎవలు బిడ్డా ఆ పిల్ల? మంచిగున్నదా?"

సరిత సంగతి నేను ఆమెకు చెప్పలేదు. చెప్పలేదనే అనుకుంటున్నాను. పట్నం పోయేటప్పుడు బస్సులో ఆమె పక్కనే తూలుతూ కూర్చున్నాను. నిద్రమత్తులో ఏమైనా వాగానా... నాకు తెలియదు. చిట్యాలలో సరిత ఇంటికి ఇంతవరకు పోలేదు, ఆ గోడ రంగేమిటో నేను చూడలేదు.

ఆ రోజు దవాఖాన మెట్లు దిగుతుంటే సెల్లు మోగింది. సరిత. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఇప్పటికీ రెండు మూడు రోజులకోసారి చేస్తూనే ఉంది. ఫోటోలో వాళ్లమ్మ మళ్లీ కళ్లు మూసిందని చెబుతుందేమోనని... నేను ఎత్తడం లేదు.