మామ్మ తిరిగిచ్చేసిన నీళ్ళపొయ్యి

మా చిన్నప్పుడు... రాజమండ్రి మ్యూజియం గుమ్మం దగ్గర చెప్పులు విప్పింది మా మామ్మ ఒక్కతే. అక్కర్లేదమ్మా అని నాన్న ఎంత చెప్పినా వినలేదు. లోపల అన్ని విగ్రహాలుంటే చెప్పులతో ఎలా వెళ్తాం అంది.

నాన్న కువైట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడల్లా మాకు ఏదో ఒకటి చూపించాలని తాపత్రయపడేవాడు. ఆ ఏడు రాజమండ్రి. చీకటితోనే మా కోనసీమలోని నగరం అనే ఊళ్ళో బస్సెక్కాం... అమ్మ పులిహోర కట్టింది, మామ్మ మరచెంబు నిండా నీళ్ళు పట్టుకుంది. గన్నవరం దగ్గర గోదావరి పాయ దాటించే అక్విడెక్టు మీద తమ్ముడూ నేనూ కిటికీ కోసం కొట్టుకున్నాం. ముందు ధవళేశ్వరం ఆనకట్ట, అక్కడి మ్యూజియంలో తుప్పు పట్టిన పాత యంత్రాలు... ఆ తర్వాత ఇది.

మామ్మ ఒక్కో విగ్రహం దగ్గరా ఆగి దణ్ణం పెట్టుకుంటోంది. చేతులు విరిగినవాటికీ, తల లేనివాటికీ కూడా. "వీళ్ళకి దీపం ఎవరు పెడతారు బాబూ?" అని కాపలా ఆయన్ని అడిగింది. ఆయన నవ్వాడు.

చివరి గదిలో అద్దాల బీరువాలో ఒక ఇటుక ఉంది... ఇప్పటి ఇటుకలకి రెండింతలు. పైన మూడు గీతలు. పచ్చిమట్టిగా ఉన్నప్పుడు ఎవరో వేళ్ళతో లాగినవి. నేను గట్టిగా అనేశాను... "మామ్మా, మన నీళ్ళపొయ్యి ఇటుక."

నిజమే మరి. మా పెరట్లో నీళ్ళపొయ్యి అలాంటి ఇటుకలదే. పైన రాగి కాగు, కింద కొబ్బరి డొక్కల మంట. నాన్న పుట్టినప్పుడు పురిటి నీళ్ళ కోసమని మా తాతగారు ఏటిగట్టు అవతల పాతదిబ్బ నుంచి మోసుకొచ్చి స్వయంగా కట్టారట. మా ఊళ్ళో ఎవరికి ఇటుక కావలసినా ఆ దిబ్బ దగ్గరికే వెళ్ళేవారు. గొడ్లసావిడికీ, నూతి చప్టాకీ అవే. ఎవరూ తప్పనుకోలేదు. పొద్దున్నే చలికి పొయ్యి పక్కన చేరి, నా వేళ్ళు ఆ గీతల్లో సరిపోతాయేమో చూసుకునేదాన్ని.

నా మాటకి అమ్మా నాన్నా నవ్వారు. మామ్మ నవ్వలేదు.

"ఇయ్యి ఎక్కడియండి?" అని కాపలా ఆయన్ని అడిగింది.

"మీ కోనసీమ వేపువేనండి మామ్మగారూ. వెనకటికి బౌద్ధ సన్యాసులు పూజలు చేసుకున్న చోటంట. కట్టడమంతా ఇలాంటి ఇటుకలేనంట."

"అంటే గుడేనా అండి?"

"ఆయ్. గుడిలాంటిదేనండి."

గోదావరిలో మునగాలని పొద్దున్నుంచీ తహతహలాడిన మనిషి... రేవులో నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకుని వచ్చేసింది. పులిహోర ముట్టలేదు.

మర్నాడు పొయ్యి రాజెయ్యలేదు. అందరం చన్నీళ్ళే పోసుకున్నాం.

"గుడి ఇటుకల మీద ఇన్నేళ్ళు మంట పెట్టేను రా," అంది నాన్నతో. "మీ నాన్నగారు తెలీక తెచ్చేరు. తెలిసేక ఎలా ఉంచుకుంటాను?"

"ఊరంతా అవే కదమ్మా. మన పొయ్యి ఒక్కటీ పీకితే ఏమవుద్ది?"

"ఊరి సంగతి నాకెందుకు. నేను చూసొచ్చేను కదా."

తాతగారు పోయాక ఆయన చేతిపని అంటూ మిగిలింది ఆ పొయ్యి ఒక్కటే. వారం వారం దాన్ని అలికి ముగ్గు పెట్టుకునేది మామ్మ. అలాంటిది, గునపం పట్టుకుని తనే విప్పింది... నాన్నని చెయ్యి వెయ్యనివ్వలేదు. మసి పోయేదాకా పీచుతో తోమి, పసుపు రాసి, నాన్న కువైట్ నుంచి తెచ్చిన కొత్త తువ్వాళ్ళలో చుట్టింది. రిక్షాలో తనతో నేనూ వెళ్ళాను. దిబ్బ మీద ఇటుకలు దించి లెంపలేసుకుంది.

"ఆయన్నేమీ అనకండి సామీ... నాకోసం తెచ్చేరు," అంది. నాకు ఏడుపొచ్చింది. బీరువా ముందు నేను నోరు మూసుకుని ఉంటే బావుండేదనిపించింది.

కొన్నాళ్ళకి పక్కింటి వరాలమ్మగారి అమ్మాయి పురిటికొచ్చింది. మగపిల్లాడు. చూడ్డానికి నేనూ మామ్మా వెళ్ళాం. పెరట్లో కొత్త నీళ్ళపొయ్యి, మీద కాగు మరుగుతోంది. ఇటుక మీద మూడు గీతలు... గీతల్లో మామ్మ రాసిన పసుపు ఇంకా ఉంది.

"దిబ్బ మీద దొరికేయండి పిన్నిగారూ. ఎవరో కడిగి పెట్టినట్టే ఉన్నాయి," అని వరాలమ్మగారు సంబరంగా చెప్పారు.

నేను మామ్మ చెయ్యి పట్టుకున్నాను. చెబుతుందనుకున్నాను. చెబితే ఆ పూటకి బాలింతకీ బిడ్డకీ వేన్నీళ్ళుండవు. మామ్మ "బిడ్డకి నీళ్ళెవరు పోస్తున్నారమ్మా?" అని అడిగింది. చీర ఎగ్గట్టి, పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పసివాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. ఆ కాగులో నీళ్ళే చన్నీళ్ళు కలిపి పోసింది. పోస్తున్నంతసేపూ పెదవులు కదుపుతూనే ఉంది.

దారిలో అడిగాను, ఏం చదివావు మామ్మా అని.

"ఆళ్ళకి తెలీదు కదే... ఆ పాపం కూడా నా నెత్తినే వెయ్యమని సామికి చెప్పేను," అంది.

ఇప్పుడు మామ్మ లేదు. దిబ్బకి ఇనప కంచె వేశారు. మా వీధిలో నీళ్ళపొయ్యి అన్నదే లేదు, అందరికీ గీజర్లే. మొన్నామధ్య మా అబ్బాయిని అదే మ్యూజియంకి తీసుకెళ్ళాను. గుమ్మం దగ్గర నాకు తెలియకుండానే చెప్పులు విప్పేశాను. ఎందుకమ్మా అన్నాడు వాడు. ఆ ఇటుకల మీద కాగిన నీళ్ళతో పెరిగిన ఒళ్ళురా ఇది... అని గీజరు కింద పెరిగినవాడికి ఎలా చెప్పను?

మీ పెరట్లోనూ ఉండేవా... ఎవరివో తెలియక మనవనుకుని వాడుకున్నవి? ఉంటే చెప్పండి. నాకు కాస్త తోడుంటారు.