దస్తగిరి చెవి

ప్రొద్దుటూరు బైపాసులో టైర్ల కొట్టు దస్తగిరికి గేజీతో పనిలేదు. సుత్తితో టైరును ఒక్క దెబ్బ కొట్టి, తల పక్కకు వంచి విని, గాలి ఎంత ఉందో చెప్పేస్తాడు. జమ్మలమడుగు సిమెంటు లారీల డ్రైవర్లు ఆ చెవిని నమ్ముకునే వస్తారు. మొన్న డ్రైవరు ఓబులేసు తెచ్చిన కొత్త లారీకి టైర్లు మారుస్తూ దస్తగిరి, రిమ్ము లోపల ఏముంటుందో అడగడం నామోషీ అనుకుని, గాలి తగ్గితే చెప్పే సెన్సరును లివరుతో పెళ్లగించి విరగ్గొట్టాడు. ముక్కలను గుట్టుగా చొక్కా జేబులో వేసుకున్నాడు. బండి స్టార్టు చేయగానే స్టీరింగు ముందర పసుప్పచ్చ లైటు వెలిగింది.

“ఏంది మామా ఇది?” అన్నాడు ఓబులేసు.

“కొత్త బండ్లు అట్లే అబద్ధాలు చెప్తాంటాయప్పా,” అన్నాడు దస్తగిరి నేల చూస్తూ.

“అంతేలే. నీ చెవి కంటే ఎక్కువనా అది?” టైర్లకు బొట్లు పెట్టగా మిగిలిన కుంకుమను ఓబులేసు ఆ లైటు మీద పూసేశాడు. దస్తగిరికి తల కొట్టేసినట్టయింది.

“నిమ్మకాయలు నీ చేత్తోనే పెట్టు మామా.”

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి వంగుతూ దస్తగిరి, సెన్సరు ముక్కలు జారిపడకుండా జేబును గుండెకు అదిమి పట్టుకున్నాడు. బండికి సలాం చేస్తున్నాడనుకుని ఓబులేసు కూడా రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.