నేను తిప్పిన కుంకుమ భరిణె

మా షెడ్డులోకి ఎవరు అడుగుపెట్టినా మొదట అడిగేది ఒకటే. "ఈ మిషన్ సార్‌దా మేడం?" కరెంటు పనికి వచ్చినవాడు అడిగాడు, గ్యాస్ బండ తెచ్చినవాడు అడిగాడు, స్కూల్లో నాతో పాటు పాఠాలు చెప్పే టీచరమ్మ కూడా అడిగింది. సార్ అంటే మా ఆయన, పోయి చాలా ఏళ్ళయింది. ఉన్నప్పుడు కూడా సార్‌కు గోడకు మేకు కొట్టడం చేతకాదు, పాపం, మంచి మనిషే. ఈ మిషన్ నాది. నా జీతంతో కొన్నాను, నా చేతులతో నడుపుతున్నాను. ఈ ముక్క ఎంతమందికని చెప్పను? చెప్పిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది.

మిషన్ అంటే కట్టె తిప్పే లేత్. ఖమ్మంలో మంచం కోళ్ళు, సోఫా కాళ్ళు తిప్పే దుకాణం మూసేస్తున్నారని తెలిసి వెళ్ళాను. నేను చూడకపోతే పాత ఇనుము కింద తూకానికి పోయేది. ట్రాలీ ఆటోలో ఎక్కించి మా ఊరు దమ్మపేట తెచ్చి, ఆయన కారు పెట్టుకున్న షెడ్డులో దించాను. కట్టెను రెండు మొనల మధ్య బిగిస్తే మోటారు దాన్ని గిరగిరా తిప్పుతుంది. మనం ఉలి ఆనించి నిలబడితే కట్టె చెక్కుకుంటూ గుండ్రమవుతుంది. చెప్పడానికి పని అంతే.

అది దిగిన రోజే మా ఆడపడుచు వచ్చింది. ఆయనకు అక్క, మా వీధి చివరే ఇల్లు. నడుం మీద చేతులు పెట్టుకుని మిషన్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఊరందరిదొక దారి, ఉలిపికట్టెదొక దారి. ఇంట్ల పొద్దుపోకపోతే రామకోటి రాసుకోరాదే పిల్లా?" అంది.

రాముడితో నాకు తగాదా లేదు. భద్రాచలం పోయినప్పుడల్లా దండం పెట్టుకునే వస్తాను. కానీ మొగుడు పోయిన ఆడదానికి రామకోటి, భజన, తీర్థయాత్రల బస్సు, ఇవి తప్ప ఇంకేమీ ఉండకూడదని రాసిపెట్టింది ఎవరు? ఆయన పోయిన నాటి నుంచి పెళ్ళిళ్ళలో నేను మూడో వరసలో కూర్చునేదాన్ని, నోములకు పిలవడం మానేశారు, వాయనాలు మా గుమ్మం దాటి పక్కింటికి పోయేవి. అన్నీ కడుపులో పెట్టుకున్నాను. నా సాయంత్రాలు ఎలా గడపాలో కూడా వాళ్ళే చెబుతామంటే ఊరుకుంటానా?

మొదట్లో మిషన్ నన్ను ఏడిపించింది. కట్టె కొసన రెండు అడ్డగీతలు గీసి, అవి కలిసినచోట నడిమి గుర్తు పెట్టుకోవాలి. ఆ నడిమి జరిగిందా, కట్టె బెదిరిన కోడెలా ఎగురుతుంది. ఒకసారి చింతకట్టె ఊడి షెడ్డు రేకుకు తగిలితే వీధంతా బయటికొచ్చింది. ఫోన్లో వీడియోలు చూశాను, చేతులు గీరుకున్నాను, మళ్ళీ బిగించాను. కోపంలో ఉన్నప్పుడు ఉలి పట్టవద్దంటారు. ఆ లెక్కన నేను అసలు పట్టనే కూడదు.

పని చేతికి వచ్చాక చూడాలి జనాన్ని! రామకోటి రాసుకోమన్నవాళ్ళే వరస కట్టారు. ఒకావిడకు పప్పుగుత్తి, ఒకావిడకు చపాతీ కర్ర, ఇంకొకావిడ మనవడికి బొంగరం. మా ఆడపడుచుకు రోకలి. పాతది పుచ్చిపోయిందట. తుమ్మకట్టె తెచ్చి తిప్పి, కమ్మరి దగ్గర అడుగున ఇనుప పొన్ను వేయించి మరీ ఇచ్చాను. "మస్తుగ కుదిరింది పో," అని భుజాన వేసుకుని పోయింది. ఆ కట్టె తిప్పింది విధవ చెయ్యి అని అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

అంతలో మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. దానికి ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగం, నాకు ఒక్కతే కూతురు. సంబంధం ఖాయమైన రోజు నా పక్కన పడుకుని, "అమ్మా, నా కుంకుమ భరిణె నువ్వే చెయ్యాలె. పెళ్ళిపీటల మీద అదే ఉండాలె," అంది. ఇంకేమీ అడగలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. కన్యాదానం చేయడానికి పీటల మీద మా బావగారూ తోడికోడలూ కూర్చుంటారు, నాకు ఆ అర్హత లేదు. కనీసం నా చేతి పని దాని ఎదురుగా ఉంటుంది, చాలనుకున్నాను.

మా ఆయన నాటిన మామిడితోటను కొట్టించి మా బావగారు పామాయిల్ వేయించాడు. ఆ మొద్దుల్లోంచి ఒకటి తెచ్చుకున్నాను. పామాయిల్ మొక్కల ట్రాక్టరును ఎవరూ ఆపరు గానీ, ఈ అడవి అంచున ఒక మొద్దు పట్టుకుని రోడ్డెక్కితే మాత్రం, టేకేమోనని ప్రతివాడూ దొంగను చూసినట్టు చూస్తాడు. మొదటి భరిణె పచ్చికట్టెతో చేసి పగలగొట్టుకున్నాను. రెండోసారి ఎండేదాకా ఓపిక పట్టాను. లోపల తొలిచి, మూత బిగువుగా కూర్చునేలా కొంచెం కొంచెం గీకుతూ, పెట్టి చూస్తూ, మళ్ళీ గీకుతూ. భద్రాచలంలో అడవితేనె అమ్మేవాళ్ళ దగ్గర కొన్న మైనం పట్టించి గుడ్డతో రుద్దాను. మామిడి చారలు తేనెరంగులో పైకొచ్చాయి. మూత తీస్తే టప్పున చిన్న చప్పుడు. అది విని మా అమ్మాయి పది సార్లు తీసి పెట్టి ఆడుకుంది.

పసుపు దంచేరోజు వచ్చింది. మాలో పెళ్ళి పసుపు ఇంట్లోనే దంచుతారు. ఐదుగురు ముత్తయిదువలు రోలుకూ రోకలికీ బొట్లు పెట్టి, మామిడాకు కట్టి, పసుపుకొమ్ములు దంచాలి. ఆ పసుపుతోనే పెళ్ళికూతురి మంగళస్నానం. నేను వంటింట్లో ఉన్నాను, ఉండమన్నచోట. మా ఆడపడుచు తన రోకలి తనే మోసుకొచ్చింది. మా అమ్మాయి భరిణె అందిస్తే, తీసి రోలుకు బొట్టు పెట్టి, రోకలికి పెట్టి, నలుగురికీ పెట్టింది. పసుపు సగం నలిగాక భరిణె చేతిలో తిప్పుకుంటూ, "ఎంత ముద్దుగుందే! ఎక్కడ కొన్నవ్ బిడ్డా, కొండపల్లిలనా?" అంది.

"కొనలే అత్తా. అమ్మ చేసింది," అంది ఈ పిచ్చిది సంబరంగా.

రోకలి ఆగింది. వంటింటి తలుపు సందులోంచి తొంగిచూశాను.

మా ఆడపడుచు మూత పెట్టేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "లోపల పెట్టు బిడ్డా. మా ఇంట్ల వెండిది ఉంది, పెళ్ళిల అది పెడదాం. పెళ్ళికూతురు శుభమా అని బొట్టు పెట్టుకునే వస్తువు, మీ అమ్మ చేతిది గట్ల పెట్టగూడదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న జల్లెడతోనే బయటికొచ్చాను.

"వదినా, ఆ రోకలి ఎవరు తిప్పిన్రు?"

ఆమె రోకలి వైపు చూసింది.

"నేనే గద! మరి ఆ పసుపు ఏం చేస్తరు? పారబోయుండ్రి."

"నోరు మంచిగ పెట్టు! పెళ్ళి పసుపు పారబోస్తరా ఎవరన్న? అశుభం!"

"అయితే ఈ చెయ్యి రోకలికి మంచిదే, భరిణెకే చెడ్డదా?"

"రోకలి వేరు, కుంకుమ వేరు. నీకు తెల్వదా?"

తెలియదు. ఇప్పటికీ తెలియదు. ఎవరైనా వచ్చి నాకు చెబితే వింటాను. వాళ్ళకు పని పడ్డప్పుడు అది వట్టి కట్టె. నాకు గౌరవం దక్కాల్సి వచ్చేసరికి అదే కట్టెకు ఎక్కడలేని మైల అంటుకుంటుంది. కాసేపటికి రోకలి మళ్ళీ లేచింది, నా రోకలే.

అది కూడా తట్టుకునేదాన్ని. కానీ మా అమ్మాయి నన్ను గదిలోకి లాక్కుపోయి తలుపు వేసింది.

"అమ్మా, జర సర్దుకో. పెళ్ళిల మా అత్తగారోళ్ళ ముందట లొల్లి వద్దు. పెళ్ళైనంక రోజూ దాన్లకెల్లే పెట్టుకుంట."

"నువ్వే గద అడిగినవ్?"

"అడిగిన. గిట్ల ఐతదనుకోలే."

ఊరి మీద ఉన్న కోపమంతా దాని మీదికి తిరిగింది. చెంప మీద కొట్టాలనిపించింది. భరిణె దాని చేతిలోంచి లాక్కున్నాను. "పెళ్ళైనంక దాచిపెట్టుకుని వాడుకునేటందుకు చెయ్యలే దీన్ని," అన్నాను. ఆ తర్వాత పెళ్ళిదాకా ఇద్దరం పని మాటలే మాట్లాడుకున్నాం.

పెళ్ళి సత్తుపల్లిలో, ఫంక్షన్ హాల్లో. పీటల పక్కన పళ్ళెంలో వెండి భరిణె మెరుస్తోంది. బావగారూ తోడికోడలూ కూర్చున్నారు. నాకు మూడో వరసలో కుర్చీ వేశారు. కాసేపు కూర్చున్నాను. బిడ్డను కన్నది నేను, పెంచింది నేను, చదివించింది నేను, కుర్చీ మాత్రం మూడో వరసలో! లేచి గదిలోకి పోయాను. అద్దం ముందు పెళ్ళివారి ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. గోడవైపు తిరిగి సంచిలోంచి నా భరిణె తీశాను. నుదుటి మీది నల్ల స్టిక్కరు పీకేసి, వేలితో కుంకుమ అద్దుకున్నాను. భరిణె పట్టుకుని తిన్నగా మండపం మీదికి నడిచాను.

ఎవరో "అయ్యో" అన్నారు. మా ఆడపడుచు కుర్చీలోంచి లేచింది. వియ్యపురాలు నా నుదుటినే చూస్తోంది. అంత కోపంలోనూ నాకు భయం వేసింది. వాళ్ళను చూసి కాదు. నా బిడ్డ అందరి ముందూ తల తిప్పుకుంటే మళ్ళీ దాని మొహం చూడలేను. అదీ నా భయం.

అది తలెత్తి చూసింది. నా నుదుటినీ, చేతిలో భరిణెనూ చూసింది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"వంకర పెట్టుకున్నవ్ అమ్మా. వంగు జర," అంది.

వంగాను. పసుపు పూసిన బొటనవేలితో అంచు తుడిచి, కుంకుమను కనుబొమల నడిమికి తెచ్చింది. సరిగ్గా ఉందో లేదో తల పక్కకు వంచి చూసుకుంది. ఆ తర్వాత మొహం పైకెత్తి, "ఇగ నాకు పెట్టు," అంది.

వెనక నుంచి మా ఆడపడుచు ఏదో అంటోంది. నేను మూత తీశాను.